పెంకుటి గుడిని నిలబెట్టుకుందాం

కాజీపల్లి నుంచి గుమ్మడిదల, నర్సాపూర్ మీదుగా మెదక్ పోయే దారిలో చాలా ఊళ్లలో చర్చి కనబడుతుంది. కొత్తగా కట్టినవన్నీ దాదాపు ఒకే తీరు: స్లాబు, ఎత్తైన ముందుగోడ, నేల మీద టైల్స్, శిలువ చుట్టూ కరెంటు దీపాలు. ఇంకా పడగొట్టని చోట పాత చర్చి, అంటే మనం గుడి అనేది, కూడా పక్కనో వెనకో ఉంటుంది. మట్టితోనో రాయితోనో లేపిన గోడలు, వాటి మీద కర్ర దూలాలు, దూలాల మీద దంతెలు, వాసాలు, అన్నిటిపైన పెంకులు. పరదేశంలో ఉన్న మన అసోసియేషన్ ప్రత్యేక సంచికల్లో మన ప్రాంతపు బడినో, ఆసుపత్రినో, పేరున్న దేవాలయాన్నో పరిచయం చేయడం ఆనవాయితీ. నేను ఈ పాత గుడి గురించి రాయదలచాను. ఒక ఊరి గుడిని ఎంచి గొప్పది అనడం కన్నా, పటాన్‌చెరు, సంగారెడ్డి, నర్సాపూర్ చుట్టుపక్కల మిగిలిన ఇలాంటివన్నీ కలిపి ఒకే సంస్థగా చూడమని నా మనవి. అవన్నీ పుట్టింది ఒకే అవసరంలోంచి. ఇప్పుడు కనుమరుగవుతున్నదీ ఒకే కారణం చేత.

ఆ పుట్టుక తెలియాలంటే మెదక్ దాకా పోవాలి. వెస్లియన్ మెతడిస్టు మిషన్ తరఫున చార్లెస్ వాకర్ పాస్నెట్ 1895లో సికింద్రాబాద్ వచ్చి, తరువాత మెదక్‌లో స్థిరపడ్డాడు. అక్కడి నుంచి ఉపదేశకులు పల్లెలకు బయలుదేరారు. వాళ్ల మాట విని వెంట నడిచింది ఎక్కువగా మాల, మాదిగ కుటుంబాలు. ఊరి నడుమ చదువు అందని ఆ పిల్లల కోసం వాడలోనే ఒక గది లేచేది. వారమంతా అందులో పలక, బలపం. ఆదివారం పాట, ప్రార్థన. ఊరి కచ్చీరు అరుగు ఎక్కే వీలు లేని మనుషులు చాపలు పరుచుకొని సమంగా కూర్చున్న కప్పు అది. గుంట భూమి లేని వాళ్లు ‘ఇది మాది’ అని చెప్పుకోగలిగిన కట్టడం చాలా వాడల్లో మొదట అదే. కాబట్టి దాని నిర్మాణం గురించి మాట్లాడటమంటే కర్ర, సున్నం గురించి మాట్లాడటం ఒక్కటే కాదు. తాతముత్తాతలు తొలిసారి అక్షరం దిద్దిన చోటు గురించి మాట్లాడటం కూడా.

పాస్నెట్ మెదక్‌లో కట్టించిన పెద్ద చర్చి సంగతి మన పాఠకులకు తెలిసిందే కనుక క్లుప్తంగా చెబుతాను. ఇంగ్లండ్‌లోని బోల్టన్ పట్టణానికి చెందిన బ్రాడ్‌షా గాస్ అండ్ హోప్ సంస్థ దాని నమూనా గీసింది. కరువు రోజుల్లో ఆకలితో వచ్చిన జనానికి పని ఇచ్చి, తిండి పెట్టి కట్టించారు. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, 175 అడుగుల గోపురం. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. రంగుటద్దాల కిటికీలు చిత్రకారుడు ఫ్రాంక్ శాలిస్‌బరీవి. క్రీస్తు ఆరోహణ ఘట్టం 1927లో, జననం 1947లో, శిలువ ఘట్టం 1958లో అమర్చారు. 2024 క్రిస్మస్‌కు దానికి నూరేళ్లు నిండాయి. ఆ చర్చిని చూడటానికి వచ్చే జనం ఉన్నారు, బాగోగులు పట్టించుకునే పెద్దలు ఉన్నారు, అవసరం పడితే డబ్బూ పుడుతుంది. అదే మిషన్ కడుపున పుట్టిన పల్లె గుడికి వీటిలో ఏదీ లేదు.

కట్టడం పద్ధతి దగ్గరికి వద్దాం. గోడలు కూడా కర్రతోనే కట్టిన చర్చిలు చలి దేశాల్లో ఉన్నాయి. నార్వేలో నిలువు స్తంభాల మీద లేపిన చర్చిలు ఒకప్పుడు వెయ్యికి పైగా ఉండేవంటారు. నేడు మిగిలినవి 28. వాటిలో బోర్గుండ్ ఊరి చర్చి పన్నెండో శతాబ్దం చివరిది. అక్కడి వడ్రంగులు స్తంభాన్ని నేలలో పాతలేదు. రాతి పునాది మీద అడ్డదూలం పరిచి, దాని మీద నిలబెట్టారు. ఎప్పటికప్పుడు పైన్ కర్ర తారు పూస్తూ వచ్చారు. ఎనిమిది వందల ఏళ్లు నిలవడానికి ఈ రెండు జాగ్రత్తలే ముఖ్య కారణం. మన దక్కన్‌లో అలా కట్టలేదు. ఇక్కడ రాయికి కొదవ లేదు, చెదకూ కొదవ లేదు. నేలకు తగిలిన కర్రను చెద వదలదని మన వడ్రంగికి తాతల నాటి నుంచీ తెలుసు. అందుకే గోడను మట్టికీ రాయికీ అప్పజెప్పి, కర్రను నెత్తికెత్తాడు. దొరికితే టేకు, లేకుంటే మద్ది, వేప. ఇంకా పేద వాడల్లో తాటి దూలాలు. అంటే మన పల్లె గుడిలో చూడవలసిన పనితనమంతా తలెత్తితేనే కనబడుతుంది. దూలానికీ వాసానికీ నడుమ వేసిన పట్లు, చీలలు, గోడ మీద దూలం కొస కింద పెట్టిన రాతి పలక, వేసవి వేడి పైకి పోయేలా పెంకుల నడుమ ఉండే సందులు. మంగళూరు పెంకు వాడిన చోట ఇంకో చరిత్ర కూడా ఉంది. ఆ పెంకుల కార్ఖానాను 1865లో మంగళూరులో మొదలుపెట్టింది బాసెల్ మిషన్ అనే మరో క్రైస్తవ మిషన్ వాళ్లే.

చిన్న చర్చి కలకాలం నిలవగలదా అని అడిగేవాళ్లకు మన పక్కనే సాక్ష్యం ఉంది. బొల్లారాలు రెండు. ఒకటి కాజీపల్లిని ఆనుకొని ఉన్న పారిశ్రామికవాడ బొల్లారం. రెండోది సికింద్రాబాద్ కంటోన్మెంట్ వైపున్న పాత బొల్లారం, ఒకప్పుడు హైదరాబాద్ కాంటింజెంట్ సైన్యం ఉన్న చోటు. ఆ రెండో బొల్లారంలో హోలీ ట్రినిటీ చర్చి 1847 నాటిది. విక్టోరియా రాణి సొంత డబ్బు ఇచ్చి కట్టించిందని చెబుతారు. 1983 నవంబరు 20న, తమ పెళ్లిరోజున, రెండో ఎలిజబెత్ రాణి భర్తతో కలిసి అక్కడ ఆరాధనకు వచ్చింది. మెదక్‌తో పోలిస్తే ఎంతో చిన్న చర్చి. అయినా నేటికీ ఆరాధన సాగుతోంది. దానికి రాణుల పేరు తోడైన మాట నిజమే. కానీ కట్టడాన్ని నిలబెట్టేది పేరు కాదు, వాడకం. తలుపులు తెరిచే మనుషులున్న కట్టడంలో ఉరుపు మొదలైతే ఆ వారమే తెలుస్తుంది. తాళం పడిన కట్టడంలో దూలం విరిగాక తెలుస్తుంది.

పల్లె గుడి దూలం ఎందుకు విరుగుతుంది? పాతదైపోయిందని అందరూ అంటారు. వయసు వల్ల టేకు దూలం విరగదు, నీళ్ల వల్ల విరుగుతుంది. మృగశిర రాకముందే పెంకులు సర్దించే అలవాటు పోయింది. ఒక్క పెంకు జారితే ఆ సందులోంచి కారిన నీరు వాసం వెంబడి దిగి, గోడలోకి దూరిన దూలం కొస దగ్గర ఆగుతుంది. నడుమ దూలం ఉక్కులా ఉన్నా, గాలి తగలని ఆ కొస లోలోపల పుచ్చిపోతుంది. అప్పుడు ‘కప్పంతా పోయింది’ అని తీర్మానం చేస్తారు. నిజానికి పోయింది మూరెడు. తెలిసిన వడ్రంగి వస్తే ముందు సుత్తితో కొట్టి వింటాడు. గట్టి కర్ర ఖంగుమంటుంది, పుచ్చు బోలుగా పలుకుతుంది. ఉలి మొనతో పొడిచి పుచ్చు ఎంత దూరం పాకిందో చూసి, అంతవరకే కోసి, అదే జాతి కర్రను ఏటవాలుగా అతికి చీలలు దిగ్గొడతాడు. దూలం బతుకుతుంది, దాని మీది పాత పనితనం బతుకుతుంది, ఖర్చూ తగ్గుతుంది. రష్యాలోని కిజీ దీవిలో 1714 నాటి 22 గుమ్మటాల కర్ర చర్చిని బాగుచేసిందీ ఈ సూత్రం మీదే. పై కట్టడాన్ని ఎత్తి నిలిపి, దుంగల వరుసలను అంతస్తు తరువాత అంతస్తుగా విప్పి, చెడినంత మేర మార్చి, మిగతావి వాటి చోటనే తిరిగి పెట్టారు. అంత పెద్ద పనికి పనికొచ్చిన పద్ధతి మన నాలుగు దూలాల గుడికి పనికిరాదా?

మంచి చేయబోయి చేసే చెరుపు ఇంకా ఎక్కువ. గోడ అడుగున సున్నం రాలుతోందని సిమెంటు పూస్తారు. మట్టి గోడ, డంగు సున్నం గోడ నేల తడిని పీల్చి గాలికి వదులుతూ ఉంటాయి. సిమెంటు పొర ఆ దారి మూసేస్తుంది. తడి బయటికి పోలేక గోడలోనే పైపైకి ఎక్కి చివరికి దూలాన్ని చేరుతుంది. చూడటానికి బాగుంటుందని ప్లాస్టిక్ సీలింగు కొడతారు. దాని పైన చెద పుట్టలు కట్టినా కింద కూర్చున్నవారికి తెలియదు. అన్నిటికన్నా ప్రమాదం మట్టి గోడల మీద స్లాబు వేయాలనుకోవడం. తేలికపాటి పెంకుల కప్పు కోసం కట్టిన గోడ అంత బరువు మోయలేదు. చేయవలసిన పనులు చిన్నవి: గోడ చుట్టూ నీరు నిలవకుండా కాలువ తీయడం, గోడ మీద చెద మట్టి గీత కనబడగానే గీకేసి దాని మూలాన మందు వేయడం, సిమెంటు ఊడదీసి సున్నంతోనే మళ్లీ పూయడం, ఏటా వానలకు ముందు కప్పు సర్దించడం.

సున్నం విషయంలో మన పారిశ్రామికవాడలకు అదనపు జాగ్రత్త కావాలి. కాజీపల్లి, గడ్డపోతారం, బొల్లారం, పటాన్‌చెరు గాలి, నీరు ఏమయ్యాయో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పటాన్‌చెరు కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. గాలిలోని గంధక వాయువులు తడితో కలిసి సున్నం మీద పడితే అది జిప్సంగా మారి పొరలు పొరలుగా లేస్తుంది. దీనికి విరుగుడు మన అమ్మమ్మల చేతిలోనే ఉండేది. ఏటా వేసే పలచటి వెల్ల ఆ దెబ్బ తాను తిని లోపలి గోడను కాపాడుతుంది. ఎనామిల్ రంగు ఆ పని చేయదు, పైగా గోడ తడిని లోపలే బిగించేస్తుంది.

ఇక్కడ ఒక సంగతి గుర్తుచేయాలి. 2020లో నటుడు ప్రభాస్ 1,650 ఎకరాల కాజీపల్లి రిజర్వు అడవిని తన తండ్రి పేరిట దత్తత తీసుకొని, అభివృద్ధికి 2 కోట్ల రూపాయలు ఇచ్చారు. నేలమీది చెట్టును కాపాడటానికి ముందుకొచ్చే మనసు మన ప్రాంతానికి ఉంది. నూరేళ్ల కిందట నరికి, చెక్కి, కప్పుకెత్తిన చెట్టుకూ ఆ మనసు కావాలని నేను అడుగుతున్నాను. తెలంగాణ ప్రభుత్వం 2017లో వారసత్వ సంపద పరిరక్షణ చట్టం చేసింది. మంచిదే. కానీ అలాంటి చట్టాల కింద ముందు గుర్తింపు వచ్చేది కోటలకూ మహళ్లకూ. వాడలోని పెంకుటి గుడి వంతు వచ్చేసరికి అక్కడ గుడి మిగలదు.

పరదేశంలో ఉన్న మన బాధ్యత ఇక్కడే మొదలవుతుంది. ఊరి నుంచి చందా అడుగుతూ ఫోన్ వస్తుంది: పాత చర్చి పడగొట్టి కొత్తది కడుతున్నాం, మీ వంతు పంపండి. మనం మనసు పెట్టి పంపుతాం. ఆ డబ్బుతోనే మన ముత్తాత కూర్చున్న కప్పు కూలుతుంది. సంఘం పెరిగింది, పాత గది చాలడం లేదు అంటే అది న్యాయమైన మాట. కొత్త చర్చి కట్టుకోవాలి. జాగా ఉన్న చోట దాన్ని పాతదాని పక్కన కట్టవచ్చు. పాతది ఆదివారపు బడికి, పిల్లల చదువుగదికి, స్త్రీల మైత్రి కూటానికి, కోత పండుగ సామాను పెట్టుకోవడానికి పనికొస్తుంది. వాడకంలో ఉంటే చాలు, అది నిలుస్తుంది.

కాబట్టి ఈ సంచిక చదివే ప్రతి కుటుంబానికీ నా విన్నపం. ఈసారి చందా అడిగినప్పుడు, పంపే ముందు పాత గుడి ఫోటోలు అడగండి. లోపలి కప్పువి, దూలం కొసలవి, గోడ అడుగువి. సున్నం, కర్ర పని తెలిసిన ఇంజనీరు చేతనో వడ్రంగి చేతనో ఒకసారి చూపించమనండి, ఆ ఖర్చు మీరే భరించండి. ఈ గుడులు చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా మెదక్ డయాసిస్ కింద ఉంటే ఆస్తి ఒక్కరిది కాదు కనుక, పాస్టరు అయ్యగారితో, పాస్టరేట్ కమిటీతో మాట్లాడి వారి ఒప్పుదలతోనే పని మొదలుపెట్టండి. పడగొట్టక తప్పదని తేలితే, కనీసం కొలతలు, ఫోటోలు తీయించి, పాత బడి రిజిస్టర్లు, బల్లలు, గంట భద్రపరిచాకే పలుగు వేయమని చెప్పండి. ఊళ్లో అమ్మమ్మ, నాయనమ్మ ఉంటే ఆ గుడి ఎవరు కట్టారో, దూలాలు ఏ ఊరి నుంచి బండి మీద వచ్చాయో అడిగి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. మన అసోసియేషన్ ఏటా ఒక్క పాత గుడి కప్పు మరమ్మతు చేతికెత్తుకున్నా పని మొదలైనట్టే. ఈ సంవత్సరం మీ ఊరి గుడి పేరు పంపండి.