బెల్లం ఉంటలు వద్దన్న తల్లి

మా అనంతపురంలో ఎవరి మొహం కాస్త పాలిపోయినా పక్కింటావిడ చెప్పే మందు ఒక్కటే. "బెల్లమేసి చెనిక్కాయల ఉంటలు పెట్టమ్మా, రక్తం పడుతుంది!" నేనూ అదే చెప్పాను, మా వీధి చివరింటి అమ్మాయికి, ఆమె ఏడేళ్ళ కొడుకుని చూసి.

"వద్దక్కా. వీనికి ఇనుమే ఎక్కువైంది. కార్జంలో ఎంతుందో కొలిపించనీకి బెంగుళూరు పోతాండాం" అంది.

రక్తం తక్కువ, ఇనుము ఎక్కువ! ఇదేం చోద్యం?

పిల్లాడిది తలసీమియా. ఒంట్లో రక్తం సరిగా తయారుకాదు గనుక మూడు నాలుగు వారాలకోసారి ఎక్కించాల్సిందే. ఒక్కో యూనిట్ రక్తంతో 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము లోపలికి పోతుంది. మనం తిండి నుంచి రోజుకు తీసుకునేది ఒకటి రెండు మిల్లీగ్రాములే! ఎక్కువైనదాన్ని బయటికి నెట్టే దారి శరీరానికి లేదు. కాలేయంలో, గుండెలో పేరుకుంటుంది. (తిండిలోని ఇనుమునే అతిగా పీల్చుకునే వంశపారంపర్యపు జబ్బు వేరే ఉంది. దాని జన్యువును 1996లో కనిపెట్టారు. అది యూరప్ వాళ్ళలో ఎక్కువ, మన దగ్గర అరుదు.)

ఫెర్రిటిన్ అనే రక్తపరీక్ష ఉంది గానీ, జ్వరమొచ్చినా అది పెరిగిపోతుంది. పూర్వం సూది గుచ్చి కాలేయం ముక్క తీసి చూసేవారు. ఇప్పుడు ఎమ్మారైతో నొప్పి లేకుండా తెలుస్తోంది. కాకపోతే ఈ లెక్క కట్టే ఏర్పాటు ఎమ్మారై ఉన్న ప్రతిచోటా ఉండదు. గ్రాముకు రెండు మిల్లీగ్రాముల లోపుంటే మామూలు. ఏడు దాటితే జాగ్రత్తపడాలి, పదిహేను దాటితే గుండెకే ముప్పు. ఇనుమును బయటికి లాగే మాత్రల మోతాదు ఈ లెక్కను బట్టి కూడా మారుస్తారు.

ఆమె మేనమామనే చేసుకుంది. మన వైపు కొత్తేం కాదుగా! ఇద్దరిలోనూ అదే జన్యువు దాగుంది. చూడ్డానికి ఇద్దరూ దుక్కల్లా ఉంటారు. అలాంటి జంటకు ప్రతి కాన్పులోనూ నాలుగో వంతు భయమే. హెచ్‌బీఏ2 అనే రక్తపరీక్ష పెళ్ళికి ముందే చేయించుకుంటే బయటపడేది. గర్భిణి మాత్రలు వాడుతున్నా రక్తం పెరగకపోతే డాక్టరమ్మను ఈ పరీక్ష గురించి అడగండి. అలాగని ఐరన్ మాత్రలు మానేసేరు సుమా! మనలో చాలామందికి నిజంగానే ఇనుము తక్కువ.

హైదరాబాదులో తలసీమియా, సికిల్‌సెల్ సొసైటీ 1998 నుంచి ఇలాంటి కుటుంబాల కోసం పనిచేస్తోంది. ఆ పేరు నాకూ ఈ అమ్మాయే చెప్పింది.

మొన్న తిరిగొచ్చారు. పిల్లాడికి ఎనిమిదట, మాత్ర పెంచారు.

"నీ సంగతేమ్మా?" అన్నాను. ఆమెకిప్పుడు మూడో నెల. కడుపులో బిడ్డకూ పరీక్ష చేయించుకొచ్చింది.

"ఇంకా చెప్పల్యేదక్కా" అంటూ పిల్లాడికి మాత్ర కలిపిన గ్లాసు అందించింది.