దేశవాళీ మార్పు చేప పరిరక్షణకు జన్యుశుద్ధి కీలకం

చెరువులు, వరి మళ్లు అడుగంటినను బురదలో ఉండి నేరుగా గాలి పీల్చుకొని బ్రతకగల దేశవాళీ మార్పు చేప (మాగుర్) మనుగడకు ముప్పు ఏర్పడినది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఈ చేపను అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో చేర్చినది.

త్వరగా పెరిగే ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌తో సంకరమగుట ఈ జాతికి గల ముప్పులలో ముఖ్యమైనది. ఇతర చేపలను తినివేసే ఈ విదేశీ చేప పెంపకాన్ని కేంద్ర ప్రభుత్వం 2000లో నిషేధించినది. థాయ్‌లాండ్‌లో దీని జన్యువులు అక్కడి స్థానిక జాతిలో కలిసినట్లు పరిశోధనలలో తేలినది.

సంకర చేపను కంటితో గుర్తించుట కష్టం. మైటోకాండ్రియా డి.ఎన్.ఎ. తల్లి నుండి మాత్రమే సంక్రమించును. తల్లి దేశవాళీది, తండ్రి ఆఫ్రికన్‌ది అయినచో ఈ ఒక్క పరీక్షలో సంకర చేప కూడా దేశవాళీగానే కనబడును. కావున తల్లిదండ్రులిరువురి నుండి వచ్చే కేంద్రక డి.ఎన్.ఎ.ను కూడా పరీక్షించవలెను.

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలలో ఈ జాగ్రత్త మరింత అవసరం. ఈ ప్రాంతంలోని గొలుసుకట్టు చెరువులలో ఒకటి అలుగు పారినచో అందులోని చేపలు దిగువ చెరువులోనికి చేరగలవు. స్టేషన్ ఘన్‌పూర్ జలాశయానికి దేవాదుల ఎత్తిపోతల ద్వారా గోదావరి జలాలు అందుచున్నవి. బయ్యారం పెద్ద చెరువు కాకతీయుల కాలం నాటిది. కాళేశ్వరం వద్ద ప్రాణహిత గోదావరిలో కలియుచున్నది. ఒక చెరువు నుండి తప్పించుకొనిన విదేశీ చేప ఆ చెరువుకే పరిమితం కాదు.

పిల్లల ఉత్పత్తిలోనూ ఒక చిక్కు ఉన్నది. పొట్ట నొక్కినను మగ మార్పు చేప నుండి వీర్యం రాదు. దానిని చంపి వృషణాలను తీయవలసి ఉండును. అందువలన కొద్ది మగ చేపలతోనే సరిపెట్టుట జరుగును. 4 మగ, 40 ఆడ చేపలను వాడినచో మొత్తం 44 ఉన్నను జన్యుపరంగా అవి సుమారు 15 చేపలతో సమానం. 20 మగ, 20 ఆడ చేపలైనచో 40తో సమానం. మగవి తగ్గిన కొలది రక్తసంబంధం గల చేపల మధ్య కలయిక పెరిగి, తరువాతి తరాలు బలహీనపడును.

లక్నోలోని జాతీయ చేపల జన్యు వనరుల సంస్థ పలు జాతుల చేపల వీర్యాన్ని అతిశీతల స్థితిలో నిల్వచేసే పద్ధతులను రూపొందించినది. తల్లి చేపలను జన్యు పరీక్ష అనంతరమే ఎంపిక చేయుట, వేర్వేరు నదీ పరీవాహకాల చేపలను కలపకుండుట, పరీక్షించని పిల్లలను చెరువులలో వదలకుండుట ఈ జాతి రక్షణకు అత్యవసరం. ఒకసారి కలిసిన జన్యువులను చెరువు నుండి తిరిగి వేరు చేయుట సాధ్యం కాదు.