జలదూషణ నిషేధము : స్మృతి, అర్థశాస్త్రము, నేటి చట్టము

జలదూషణమును ప్రాచీన గ్రంథములు రెండు దృష్టులతో పరిశీలించినవి. మనుస్మృతి చతుర్థాధ్యాయమున స్నాతకవ్రతములను చెప్పుచు మలమూత్రములను, ఉమ్మిని, రక్తమును, విషములను నీట విడువరాదని నిషేధించినది. అచ్చట దండము చెప్పబడలేదు, అది ఆచారము. కౌటిల్యుని అర్థశాస్త్రము ద్వితీయాధికరణమున నాగరికుని విధులను వివరించుచు పుణ్యస్థానము, ఉదకస్థానము, దేవగృహము, రాజపరిగ్రహము అను నాలుగు చోట్ల మలవిసర్జనమునకు ఒక్కొక్క పణము చొప్పున పెరుగు దండమును, మూత్రవిసర్జనమునకు అందు సగమును విధించినది. ఔషధము, వ్యాధి, భయము కారణమైనచో దండము లేదు. ఇది వ్యవహారము.

మనుస్మృతియే నవమాధ్యాయమున, ఆపద లేకయే రాజమార్గమును అశుచి చేసినవాడు రెండు కార్షాపణములు చెల్లించి ఆ మాలిన్యమును వెంటనే తొలగింపవలెనని శాసించినది. వృద్ధులకు, గర్భిణులకు, బాలురకు మందలింపు చాలును. అయినను శుద్ధి తప్పదు. దండము కంటె శుద్ధియే ప్రధానమని దీని తాత్పర్యము.

మార్గముపై కనబడు మాలిన్యమును తుడిచివేయవచ్చును. నీట కరగిన రసాయనమును, భూగర్భమున ఇంకిన విషమును తొలగించుట దుష్కరము. పటాన్‌చెరు పరిశ్రమల వ్యర్థజలములు నక్కవాగు ద్వారా మంజీరానదిలో కలిసినవి. ఈ కాలుష్యముపై 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యము దాఖలైనది. ఆ మంజీరయే దిగువన, నేటి కామారెడ్డి జిల్లాలో, నిజాంసాగరమును నింపుచున్నది.

ఇట్టి దోషమును ముందే నివారించుటకై 1974 నాటి జలకాలుష్య నివారణ, నియంత్రణ చట్టము పుట్టినది. వ్యర్థజలములను విడుచు పరిశ్రమ స్థాపనకు పూర్వమే కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి పొందవలెనని దీని నియమము. ఇందలి ప్రవాహ శబ్ద నిర్వచనమున చెరువులు, భూగర్భజలములు కూడ చేరును. కావున కామారెడ్డి జిల్లాలోని రామారెడ్డి వంటి గ్రామమున చెరువునకు, బోరుబావి నీటికి గూడ నదికి గల రక్షణయే కలదు. దూషకునిచేతనే మాలిన్యమును తొలగింపజేయుటకు, అతడు చేయనిచో మండలి చేసిన వ్యయమును భూమిశిస్తు బకాయివలె రాబట్టుటకు 33వ సెక్షను అవకాశమిచ్చుచున్నది. మనువు చెప్పిన శుద్ధి విధికి ఇది సన్నిహితము.

2024 సవరణ చట్టము పలు అపరాధములకు కారాగారశిక్షకు మారుగా పదివేల నుండి పదునైదు లక్షల రూపాయల వరకు ద్రవ్యదండమును నిర్ణయించినది. శాసనసభ తీర్మానించిన రాష్ట్రములలోనే ఇది వర్తించును. ద్రవ్యదండము ఎంత హెచ్చినదైనను దానివలన నీరు శుద్ధి కాదు. కావున దండమునకు తోడుగా శుద్ధిని గూడ ఆజ్ఞాపించిన నాడే చట్టము సార్థకమగును.