500 మీటర్లు, 24 ఏళ్ళు: బిర్గిట్ ఫిషర్ పడవ ప్రస్థానం

1980లో మాస్కో ఒలింపిక్స్‌లో మహిళల సింగిల్స్ కయాక్ 500 మీటర్ల పందెం గెలిచేనాటికి బిర్గిట్ ఫిషర్ వయసు 18. 2004లో ఏథెన్స్‌లో నలుగురు నడిపే కయాక్ పందెంలో స్వర్ణం అందుకునేనాటికి 42. ఏథెన్స్ నాటికి ఈ క్రీడలో ఒలింపిక్ స్వర్ణం గెలిచినవారిలో అతి పిన్నవయస్కురాలూ, అతి పెద్దవయస్కురాలూ ఆమే. మొత్తం ఆరు ఒలింపిక్స్‌లో 8 స్వర్ణాలు, 4 రజతాలు. ఇంత సుదీర్ఘమైన విజయపరంపర ఎలా సాధ్యమైంది, దాన్ని మనం ఎలా చదవాలి అన్నవి విడివిడిగా ఆలోచించవలసిన ప్రశ్నలు.

కయాక్ స్ప్రింట్ నిశ్చలమైన నీటిలో, తిన్నని వరుసల్లో సాగే పందెం. రోయింగ్‌లో క్రీడాకారులు గమ్యానికి వీపు పెట్టి కూర్చుంటారు. కయాక్‌లో గమ్యానికి ఎదురుగా కూర్చుని, రెండు కొసలా పలకలున్న తెడ్డుతో కుడి ఎడమల నీటిని లాగుతారు. బలమంతా చేతులదే అనిపిస్తుంది గాని, అసలు పని కాళ్ళ తోపుడుదీ, నడుము మెలికదీ. నీటి నిరోధం వేగంతోపాటు అంతకంతకూ పెరుగుతుంది కనుక, వేగాన్ని పదో వంతు పెంచాలంటే సుమారు మూడో వంతు అదనపు శక్తి కావాలి. కేవలం కండబలంతో గెలవడం కష్టం. శక్తిని వృథా కానివ్వని నేర్పు కావాలి. ఆ నేర్పు ఏళ్ళ తరబడి సాధనతో పదునెక్కుతుంది. నలభై దాటినా పోటీలో నిలవడానికి ఈ క్రీడలో కొంత అవకాశం ఉండటానికి ఇదొక కారణం.

ఫిషర్ 1962లో తూర్పు జర్మనీలో, హావెల్ నది ఒడ్డునున్న బ్రాండెన్‌బర్గ్‌లో పుట్టింది. చిన్నతనంలోనే తండ్రి దగ్గర పడవ నడపడం నేర్చుకుంది. తర్వాత సైన్యపు క్రీడాసంఘంలో శిక్షణ పొంది, మేజర్ హోదా వరకు ఎదిగింది. 1981, 1982, 1983 ప్రపంచ పోటీలలో సింగిల్స్, డబుల్స్, ఫోర్స్ మూడింటిలోనూ వరుసగా స్వర్ణాలు ఆమెవే. ఆ మరుసటి ఏడే లాస్ ఏంజెలస్ ఒలింపిక్స్. సోవియట్ కూటమి బహిష్కరణతో తూర్పు జర్మనీ జట్టు అసలు వెళ్ళనేలేదు. ఆమె ఉచ్ఛదశలో ఉన్న ఏడాదిని రాజకీయాలు పట్టుకుపోయాయి.

1986లో కొడుకు పుట్టాడు. సరిగ్గా ఆ ఏళ్ళలోనే తెడ్డు రూపం మారింది. బల్లపరుపు పలక స్థానంలో విమానపు రెక్కలా వంపు తిరిగిన పలక వచ్చింది. పాత తెడ్డును పడవ పక్కనే వెనక్కి లాగేవారు. కొత్తదాన్ని కాస్త వెలుపలికి జరుపుతూ లాగాలి. చిన్ననాటినుంచి ఒంటికి అలవాటైన కదలికను మార్చుకోవడం తేలిక కాదు. అయినా 1987లో ఆమె మళ్ళీ ప్రపంచ విజేత అయింది. 1988లో సోల్‌లో రెండు స్వర్ణాలు గెలిచింది. సింగిల్స్ స్వర్ణం మాత్రం వెంట్రుకవాసిలో బల్గేరియాకు చెందిన వాన్యా గెషెవాకు దక్కింది. 1989లో కూతురు పుట్టింది. 1990లో ఆమె దేశమే లేకుండా పోయింది.

1992లో బార్సిలోనాలో సమైక్య జర్మనీ తరఫున, మాస్కోలో గెలిచిన సింగిల్స్ పందేన్నే పన్నెండేళ్ళ తర్వాత మళ్ళీ గెలిచింది. ఆనాటి పట్టికల్లో ఆమె పేరు వివాహానంతర నామమైన బిర్గిట్ ష్మిట్‌గా కనిపిస్తుంది. 1996లో ఒక స్వర్ణం, 2000లో రెండు. సిడ్నీ ప్రారంభోత్సవంలో జర్మనీ పతాకం పట్టుకున్నదీ ఆమే. ఆ తర్వాత విరమించి, ఏథెన్స్ కోసం మళ్ళీ నీటిలోకి దిగింది. అక్కడ డబుల్స్‌లో ఆమెతో కలిసి రజతం గెలిచిన కారోలిన్ లియోన్‌హార్ట్ పుట్టింది 1984లో, అంటే ఆ బహిష్కరణ జరిగిన ఏడాదిలోనే.

ఇక రెండో ప్రశ్న. తూర్పు జర్మనీ 1974 నుంచి ప్రభుత్వ పథకంగానే క్రీడాకారులకు నిషిద్ధ ఔషధాలు ఇచ్చిందని సమైక్యం తర్వాత బయటపడిన పత్రాలు నిర్ధారించాయి. తమకు ఏమిస్తున్నారో తెలియని బాలికలు కూడా బాధితులయ్యారు. ఆ దేశపు పతకాలన్నిటిపైనా ఆ నీడ పడింది. ఒక వ్యవస్థ చేసిన నేరాన్ని ఆధారం లేకుండా ఒక వ్యక్తికి అంటగట్టడం అన్యాయం. ఆ వ్యవస్థను మరచి పతకాలు మాత్రమే లెక్కించడమూ సరికాదు. ఫిషర్ విషయంలో చెప్పదగిన లెక్క ఒకటుంది: ఆమె ఒలింపిక్ పతకాలు పన్నెండింటిలో ఎనిమిది, అంటే 5 స్వర్ణాలు, 3 రజతాలు, ఆ రాజ్యం అంతరించాక వచ్చినవే. అది అన్ని సందేహాలకూ సమాధానం కాదు. కానీ ఆమె విజయాలకు ఆ రాజ్యమొక్కటే కారణమన్న వాదన దాని ముందు నిలవదు.

2024లో పారిస్‌లో న్యూజీలాండ్‌కు చెందిన లీసా కారింగ్‌టన్ ఎనిమిదో స్వర్ణంతో ఫిషర్ సరసకు చేరింది. కారింగ్‌టన్ వాటిని నాలుగు ఒలింపిక్స్‌లో సాధించింది. ఫిషర్‌కు ఆరు పట్టాయి. మధ్యలో ఆమెకు అందకుండా పోయిన ఏడోది ఏ పట్టికలోనూ కనిపించదు.