ఉపగ్రహానికి కన్ను లేదు

రవాణా కార్మికుల జీవితం మీద కొత్తవాళ్ళు రాస్తున్న కథలూ కవితలూ కొన్ని ఈ మధ్య నా దగ్గరికి వచ్చాయి. రాసినవాళ్ళలో ఎక్కువమంది సాహిత్య విద్యార్థులు. లారీ డ్రైవరును వస్తువుగా తీసుకోవడం సంతోషించవలసిన విషయమే. అయితే వాటిలో ఒక పోలిక పదే పదే కనిపించింది. ఆకాశంలో ఉపగ్రహం ఉంటుంది. అది రెప్పవాల్చకుండా లారీని చూస్తూ ఉంటుంది. డ్రైవరు ఎక్కడ బండి ఆపినా, ఎక్కడ కునుకు తీసినా దానికి తెలిసిపోతుంది. ఒక కవి దాన్ని మూడోకన్ను అన్నాడు. ఒక కథలో డ్రైవరు ఆకాశం వైపు చూసి దణ్ణం పెట్టబోయి మానుకుంటాడు.

పోలిక చదవడానికి బాగానే ఉంది. కాని అబద్ధం. అలంకారంలో అబద్ధముంటే వచ్చే నష్టమేమిటని ఎవరైనా అడగవచ్చు. ఇక్కడ నష్టముంది. లారీని చూస్తున్నది ఆకాశమని రాసిన మరుక్షణం, నిజంగా చూస్తున్న మనిషి కథలోంచి తప్పుకుంటాడు. పాత కథల్లో విధి చేసిన పనిని ఈ కథల్లో ఉపగ్రహం చేస్తోంది. కాబట్టి ఆ యంత్రం ఎట్లా పనిచేస్తుందో తెలుసుకోవడం సాహిత్య విమర్శకు బయటి విషయమని నేను అనుకోను. నేను తెలుగు మేష్టర్ని. సైన్సు మేష్టర్లు ఓపిక పట్టి చెప్పిన దాన్ని మన భాషలో చెబుతాను.

జి.పి.ఎస్. అని అందరూ పిలుస్తున్నది అమెరికా రక్షణశాఖ చేసుకున్న ఏర్పాటు. మొదటి ఉపగ్రహం 1978లో ఎగిరింది. 24 ఉపగ్రహాలతో వ్యవస్థ పూర్తిగా పనిలోకి వచ్చింది 1995లో. సైన్యం కోసం పుట్టినది కాబట్టి, పౌరులకు ఇచ్చే సంకేతంలో కావాలనే తప్పు కలిపి ఇచ్చేవారు. 2000 మే నెలలో ఆ కల్తీ మానేశారు. దాంతో వంద మీటర్ల దాకా ఉండే తేడా పది ఇరవై మీటర్లకు దిగింది. వంద మీటర్ల తేడాతో లారీ రోడ్డు మీద ఉందో పక్క చేనులో ఉందో చెప్పలేము. మన ఊళ్ళ లారీల దాకా ఈ యంత్రం రావడానికి ఆ నిర్ణయం ఒక ముఖ్య కారణం.

ఈ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున, రోజుకు రెండుసార్లు భూమిని చుట్టివస్తాయి. ఒక్కొక్కదానిలో అణు గడియారాలుంటాయి. లారీకి సంబంధించినంత వరకు అవి చేసే పని ఒక్కటే. “నేను ఫలానా ఉపగ్రహాన్ని, ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు నా గడియారంలో సమయం ఇంత” అని ఎడతెగకుండా చెబుతూ ఉంటాయి. వినేవాడు నంద్యాల లారీలో ఉన్నాడా, నడిసముద్రంలో ఓడ మీద ఉన్నాడా అనేది వాటికి తెలియదు. కడప రేడియో కేంద్రానికి తన పాట వింటున్న రైతు ఏ చేనులో ఉన్నాడో తెలుస్తుందా? ఇదీ అంతే.

లెక్కంతా కింద, లారీలో బిగించిన చిన్న పెట్టెలో జరుగుతుంది. మెరుపు మెరిశాక ఉరుము వినపడేదాకా అంకెలు లెక్కపెట్టి పిడుగు ఎంత దూరాన పడిందో చెప్పే పద్ధతి మన పల్లెల్లో ఉంది. మూడు లెక్కపెట్టేసరికి ఉరిమితే సుమారు ఒక కిలోమీటరు. పెట్టె కూడా సంకేతం బయలుదేరిన సమయానికీ, తనను చేరిన సమయానికీ మధ్య తేడా చూస్తుంది. రేడియో సంకేతం వెలుతురు వేగంతో వస్తుంది కాబట్టి, సెకనులో పదిలక్షల వంతుకు 300 మీటర్లు. మూడు ఉపగ్రహాల నుంచి దూరాలు తెలిస్తే తానున్న చోటు తెలియాలి. కాని పెట్టెలో ఉన్నది చవక గడియారం. దాని తప్పును సరిచేసుకోవడానికి నాలుగో ఉపగ్రహం కావాలి. ఐన్‌స్టీన్ సిద్ధాంతం ఈ లారీ పెట్టెలోకి కూడా వచ్చిందని చెబితే మా పిల్లలు నమ్మరు. పైనున్న గడియారాలు కింద ఉన్నవాటికంటే రోజుకు సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. ఆ తేడాను ముందుగానే సరిచేయకపోతే దూరాల లెక్క రోజుకు 11 కిలోమీటర్ల చొప్పున తప్పుతుంది. నంద్యాల దాటిన లారీ పాణ్యం దగ్గరున్నట్టు చూపినా ఆశ్చర్యపోనక్కరలేదు.

మన దేశం సొంత ఏర్పాటు కూడా చేసుకుంది. 2013 జూలై 1న శ్రీహరికోట నుంచి మొదటి ఉపగ్రహం వెళ్ళింది. 2016 ఏప్రిల్‌లో ఏడోది వెళ్ళాక దానికి నావిక్ అని పేరు పెట్టారు. విదేశాల నుంచి తెచ్చిన అణు గడియారాలు కొన్నిటిలో పాడయ్యాయి. 2023 మే నెలలో పంపిన ఉపగ్రహంలో మన దేశంలో తయారైన అణు గడియారం పెట్టారు. 2025 జనవరి 29న పంపినది అనుకున్న కక్ష్యకు చేరలేకపోయింది. ఆ కథ వేరు. ఏ దేశపు ఉపగ్రహమైనా నేను చెబుతున్న విషయం మారదు: అది సమయం చెబుతుంది, చూడదు.

మరి నంద్యాల ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో కూర్చున్న ఓనరుకు అల్లగడ్డ దాటిన లారీ ఎట్లా తెలుస్తోంది? పెట్టెలో సిమ్ కార్డుంది. పెట్టె తానున్న చోటు లెక్కగట్టుకుని, ఆ అంకెలను సెల్‌ఫోను టవరు ద్వారా ఒక కంపెనీ కంప్యూటరుకు పంపుతుంది. ఓనరు ఆ కంపెనీకి చందా కడతాడు. అతని ఫోనులో మ్యాపు మీద చుక్క కదులుతుంది. ఇందులో ఆకాశం పాత్ర పెట్టెతో ముగిసింది. అక్కడి నుంచి ఓనరు దాకా ఉన్నదంతా భూమి మీది వ్యవహారం.

అనుమానమున్నవాళ్ళు నంద్యాల నుంచి గిద్దలూరు ఘాటు రోడ్డులో వెళ్ళే లారీని తెర మీద చూడండి. నల్లమలలో సెల్ టవర్లు అందని చోట్లు చాలా ఉన్నాయి. ఆకాశం మాత్రం అక్కడా ఉంది. పెట్టెకు తానెక్కడున్నదీ తెలుస్తూనే ఉంటుంది, చెప్పడానికే దారి ఉండదు. ఓనరు ఫోనులో చుక్క అడవి మొదట్లో నిలిచిపోతుంది. లారీ కనుమ దిగి టవరు అందుకోగానే, దాచిపెట్టుకున్న లెక్కంతా పెట్టె ఒక్కసారిగా అప్పజెబుతుంది. ఉపగ్రహమే చూస్తున్నట్టయితే నల్లమల అడ్డమొచ్చేది కాదు.

ఇక ఆ తెర మీద భాషను గమనించాలి. సాహిత్యం చదివేవాళ్ళం కదా, మాటను వదిలిపెట్టకూడదు. లారీ ఆగితే ఫోనులో ఇంగ్లీషులో హెచ్చరిక వస్తుంది: అన్‌ఆథరైజ్డ్ హాల్ట్. అనుమతి లేకుండా ఆగడం. డ్రైవరు నిద్రపోతే అది అనుమతి లేని ఆగడం. స్నానానికి ఆగితే, కడుపునొప్పి వచ్చి ఆగితే, టైరు చూసుకోవడానికి ఆగితే, అన్నిటికీ అదే మాట. ఇంజను ఆపకుండా నిలబడితే ఐడ్లింగ్. ముందే గీసిపెట్టిన హద్దు దాటితే జియోఫెన్స్, అంటే కంచె. చేనుకు కంచె వేయడం చూశాం. ఇది కదిలే మనిషి చుట్టూ వేసిన కంచె.

నా దగ్గర పదో తరగతి చదివిన ఒక కుర్రవాడు ఇప్పుడు నంద్యాల నుంచి లారీ తోలుతున్నాడు. అల్లగడ్డ శిల్పులు చెక్కిన దేవతా విగ్రహాలను ఒకటి రెండుసార్లు దూరప్రాంతపు గుళ్ళకు చేర్చాడు. రాతి విగ్రహం సిమెంటు బస్తా కాదు. కింద గడ్డి పరిచి, తాళ్ళు బిగించి, దారిలో మాటిమాటికీ ఆగి తాళ్ళు వదులయ్యాయేమో చూసుకోవాలి. చెయ్యి విరిగితే ఆ విగ్రహం పూజకు పనికిరాదు. శిల్పి నెలల కష్టం పోతుంది. ఆ ట్రిప్పులో అతను ఎన్నిసార్లు దిగి తాళ్ళు చూశాడో అన్నిసార్లు ఆఫీసు నుంచి ఫోను వచ్చిందట. “నిల్చినేది కనపడతాది సార్. ఎందుకు నిల్చిందో దాంట్లో రాదు” అన్నాడు.

ఈ వాక్యం మీద ఒక కథ నిలబడుతుంది. ఆగిన ప్రతిచోటా అతని పనితనముంది. తెర మీద అది తప్పుగా లెక్కకొచ్చింది. శ్రమ నుంచి శ్రామికుడు పరాయివాడు కావడం గురించి మనం సభల్లో చాలా మాట్లాడాం. దానికి ఇంతకంటే చిన్న, ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు దొరకలేదు.

దీనికి తిరగేసిన ఉదాహరణ ఒకటుంది. 2022లో ఏర్పడిన ఈ నంద్యాల జిల్లాలో సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, బేతంచెర్ల రాళ్ళున్నాయి, సోనా బియ్యముంది. లోడు కోసం గేటు ముందు వరసలో లారీలు గంటల తరబడి నిలబడతాయి. ఎన్ని గంటలో పెట్టె నిమిషాలతో సహా రాస్తుంది. ఆ లెక్క చూపి ఓనరు సరుకు యజమాని దగ్గర హాల్టింగ్ చార్జీ అడగగలడు. అందులో డ్రైవరుకు వాటా రాదని నాకు తెలిసిన డ్రైవర్లు చెబుతున్నారు. అతనికి ట్రిప్పు లెక్క, బత్తా. ఒకే పెట్టె రాసిన ఒకే ఆగడం, ఒకచోట ఓనరుకు ఆదాయం, ఇంకొకచోట డ్రైవరుకు మాట.

యంత్రాన్ని తిట్టడం సులువు. తిట్టి ఊరుకునే కథలు కూడా నా దగ్గరికి వచ్చాయి. వాటిలో ఓనరు ఎప్పుడూ లావుగా ఉంటాడు, ఏసీ గదిలో ఉంటాడు. అల్లగడ్డలో ఒకే ఒక్క లారీని ఫైనాన్సు మీద కొని, కంతులు కట్టలేక తానే స్టీరింగు పట్టుకున్న ఓనర్లున్నారు. ట్యాంకులో డీజిలు దొంగతనం జరిగితే అతని నెల గడవదు. ఆ సెన్సరు అతనికి అవసరం. లారీ ఎత్తుకుపోయినా, అర్ధరాత్రి ప్రమాదం జరిగినా చోటు వెంటనే తెలుస్తుంది. బస్సులూ టాక్సీల వంటి ప్రయాణికుల వాహనాల్లో 2019 జనవరి 1 తర్వాత కొత్తగా వచ్చేవాటికి ఈ పెట్టె, దాంతోపాటు అపాయంలో నొక్కే మీట ఉండాలని ప్రభుత్వం నిబంధన పెట్టింది. అది ప్రయాణికుల కోసం పెట్టిన చూపు. మామూలు సరుకు లారీలో పెట్టె ఎక్కువగా ఓనరు ఇష్టం. కాబట్టి ఎవరి కోసం చూస్తున్నారన్నదే ప్రశ్న.

ఈ దారిని లెక్కగా రాయడం మనకు కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామి 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి, కడప దాటి, అహోబిలం, మహానంది, శ్రీశైలం చూసుకుంటూ ఈ నేల మీదుగానే వెళ్ళాడు. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్ర చరిత్ర మన యాత్రాసాహిత్యంలో ఎంత ముఖ్యమైనదో విద్యార్థులకు చెప్పనవసరం లేదు. ఏ మజిలీ ఎన్ని ఆమడలు, దారి రాయా ఇసుకా, నీళ్ళున్నాయా, సరుకులు దొరుకుతాయా, అన్నీ రాసుకున్నాడు. వెనక వచ్చేవాళ్ళకు పనికొచ్చే లెక్క అది. ఆగడం ఆయన పుస్తకంలో నేరం కాదు. మజిలీలే ఆ పుస్తకానికి అధ్యాయాలు. అయితే ఆయన వెళ్ళింది పల్లకీలో. బోయీల ప్రస్తావన పుస్తకంలో వస్తుంది, కలం మాత్రం లోపల కూర్చున్నవాడిది. శ్రీశ్రీ అడిగిన ప్రశ్న పాఠకులకు గుర్తొచ్చే ఉంటుంది, నేను ఎత్తి రాయను. లారీలో ఆ కలం డ్రైవరు పక్కనే ఉంది, అతని బ్యాటరీ కరెంటుతోనే నడుస్తోంది, అతను రాసినది మాత్రం అతనికి చూపదు.

వేరే విధంగా జరగవచ్చా? జరిగింది. పశ్చిమ ఐరోపా దేశాల కూటమి 1970లో చేసిన నిబంధనతో లారీల్లో టాకోగ్రాఫ్ అనే పెట్టె తప్పనిసరి అవుతూ వచ్చింది. ఎంతసేపు తోలాడు, ఎంతసేపు ఆగాడు అని అది రాస్తుంది. బ్రిటన్ డ్రైవర్లు మొదట దాన్ని క్యాబిన్‌లో గూఢచారి అని వ్యతిరేకించారు; అమలు చేయనందుకు 1979లో ఆ దేశం ఐరోపా న్యాయస్థానం ముందు ఓడిపోయింది. కాని అక్కడ ఆ పెట్టె వెనక ఒక చట్టముంది. నాలుగున్నర గంటలు తోలితే 45 నిమిషాల విరామం, మామూలుగా రోజుకు 9 గంటలకు మించి తోలకూడదు. డ్రైవరుకు తన పేరు మీద సొంత కార్డుంది. 2019 జూన్ తర్వాత వచ్చిన కొత్త లారీల్లో ఆ పెట్టె ఉపగ్రహ సంకేతాలు కూడా అందుకుంటోంది. అక్కడ ఆగకపోవడమే తప్పు. యంత్రం దాదాపు అదే.

మన దగ్గర చట్టం లేదని కాదు. 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని రాసింది. 5 గంటలకొకసారి అరగంట విశ్రాంతి అంది. అయిదుగురు, అంతకుమించి కార్మికులున్న సంస్థలకే అది వర్తించేది. ఒక్క లారీ ఓనరు దగ్గర పనిచేసేవాడు ఆ లెక్కలోకే రాడు. ఆ చట్టాన్ని 2020లో చేసిన వృత్తి భద్రత కోడ్ తనలో కలుపుకుంది. చట్టం గంటలు చెప్పింది, పెట్టె గంటలు రాస్తోంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు నాకు ఇంతవరకు తారసపడలేదు.

విగ్రహాల ట్రిప్పు సంగతి చెప్పిన కుర్రవాడికి ఈ వ్యాసంలోని విషయం కొంత వివరించాను. టాకోగ్రాఫ్ సంగతి విని కాసేపు ఊరుకున్నాడు. తర్వాత, “సార్, ఆ లెక్క నా ఫోన్లో గూడా వచ్చేతట్టు చేయొచ్చా?” అని అడిగాడు. చేయవచ్చు. ఉపగ్రహంతో పనిలేదు, కొత్త పెట్టె అక్కరలేదు. ఓనరు ఖాతాలో ఇంకొక పేరు చేర్చి, ఒక పాస్‌వర్డు ఇస్తే సరిపోతుంది. అడిగి చూస్తానన్నాడు.