చిన్న మోటారు త్రిప్పుబలమును ఇంటివద్ద కొలుచుట

పిల్లవాడు బొమ్మమోటారు నొకదానిని అట్టబండికి బిగించును. బండిని చేత నెత్తి పట్టుకొన్నచో చక్రము గిర్రున తిరుగును. నేలపై దించినచో కదలదు. వెంటనే తండ్రిని మరియొక మోటారు కొనిపెట్టుమని అడుగును. విజ్ఞాన ప్రదర్శనమునకు ముందు మా యొద్దకు వచ్చు తల్లిదండ్రులలో కొందరు, "మేము చదివినది తక్కువ; మోటారు శాస్త్రము మాకేమి తెలియును? ఇంగ్లీషు బడిలో వేసినచో వీనికీ చిక్కు లుండవేమో" అని యందురు. సోలాపురమున సాంచాల చప్పుడు నడుమ బ్రతుకు వా రీ మాట యనుట మాకు వింతగా తోచును. మోటారు సంగతి వారికి తెలిసినంతగా మాలో అనేకులకు తెలియదు.

వేగము వేరు, త్రిప్పుబలము వేరు. బిగిసిన బోల్టు పొట్టి పానాకు లొంగదు, పొడుగు పానాకు లొంగును. చేతిబలము మారలేదు, బోల్టునుండి చేతికి గల దూరము మారినది. బలమును ఆ దూరముచే గుణింపగా వచ్చునది టార్కు. తెలుగున బలభ్రామక మనియు అందురు. పిల్లలు ఏ పేరుతో పలికినను సరియే, పానా జ్ఞాపకమున్న చాలును.

దీనిని కొలుచుటకు వంటింటి డిజిటల్ త్రాసు చాలును. మూడు వోల్టుల బొమ్మమోటారును ఒక చెక్కదిమ్మకు కదలకుండ కట్టవలెను. ఐసుఫ్రూటు పుల్లకు ఒక కొన వద్ద సన్నని రంధ్రము చేసి, మోటారు ఇరుసుకు జారకుండ అతికింపవలెను. పుల్ల నేలకు సమముగా నుండి, ఇరుసునుండి సరిగా 5 సెంటీమీటర్ల దూరమున, త్రాసుపై నుంచిన చిన్న బొడిపెను తాకవలెను. అట్లు తాకియున్నప్పుడే త్రాసును సున్నకు తేవలెను. లేనిచో పుల్ల బరువు కూడ లెక్కలో చేరును. అటుపిమ్మట రెండు సెల్లులను కలిపినచో పుల్ల త్రాసును నొక్కును. పైకి లేచినచో తీగలను తారుమారు చేయవలెను. త్రాసు 6 గ్రాములు చూపినదనుకొందము. 6ను 5చే గుణింపగా 30 గ్రాము-సెంటీమీటర్లు. న్యూటన్ మీటర్లలో ఇది వేయింట సుమారు మూడు వంతులు.

త్రాసు లేని యింట నాణెములున్నవి కదా. 2011 శ్రేణికి చెందిన 5 రూపాయల నాణెము సరిగా 6 గ్రాములు తూగును. 1 సెంటీమీటరు వ్యాసార్ధము గల చిన్న కప్పీని ఇరుసుకు తగిలించి, దానికి దారము చుట్టి, దారపు కొనకు నాణెములు కట్టవలెను. నాలుగింటిని ఎత్తి, అయిదవదానితో నిలిచిపోయినచో టార్కు 24కును 30కిని నడుమ నున్నదన్నమాట. దారము పొరపై పొరగా పేరుకొనినచో వ్యాసార్ధము పెరిగి లెక్క తప్పును. ఒక్క వరుసలోనే చుట్టుకొనునట్లు చూడవలెను.

పై రెండు పద్ధతులును మోటారును నిలిపి కొలుచునవి. కనుక రెండు మూడు క్షణములకు మించి కరెంటు నుంచరాదు. మోటారు తిరుగుచున్నపుడు దాని చుట్టలోనే ఎదురు వోల్టేజి పుట్టి కరెంటును అదుపులో నుంచును. నిలిచిన మోటారున ఆ యెదురు లేదు. కరెంటు పలురెట్లు పెరిగి చుట్ట వేడెక్కును. సాంచా బిగిసిపోయినపుడు మోటారు తిరుగక హుమ్మని మ్రోగుటయు, వెంటనే స్విచ్చి తీయనిచో వైండింగు కాలుటయు ఎరుగని వారు మనలో నెవరు? రెండింటి నిర్మాణము వేరైనను నిలిపినచో కాలుట ఒక్కటే. సాంచా మోటారు పలకపై 1 అశ్వశక్తి, నిమిషమునకు 1440 చుట్లు అని యున్నచో దాని టార్కు సుమారు 5 న్యూటన్ మీటర్లని లెక్కవలన తేలును. దానిని పలక చూచి లెక్కవేయుటయే కాని, పిల్లలచే కొలిపింపరాదు. గోడ ప్లగ్గునుండి వచ్చు కరెంటుతో ఈ ప్రయోగమును ఎన్నడును చేయరాదు, సెల్లులే వాడవలెను. అరిగిన సెల్లులతో ఫలితము తగ్గునని కూడ ఎరుగవలెను.

ఇక అట్టబండి సంగతి. చక్రపు వ్యాసార్ధము 3 సెంటీమీటర్లనుకొందము. 30ని 3చే భాగింపగా, నేలపై చక్రము నెట్టగల బలము 10 గ్రాముల బరువుకు సమానము. మోటారును, సెల్లులను మోయుచు, ఇరుసులు అట్టకు రాచుకొను బండికి అది చాలదు. మరియొక మోటారు కొన నక్కరలేదు. నడుమ పండ్లచక్రములు పెట్టవలెను. మోటారు 48 మార్లు తిరిగినపుడు చక్రము ఒక్కమారు తిరుగునట్లు అమర్చినచో లెక్కప్రకారము 480 గ్రాములు రావలెను. పండ్ల రాపిడిలో సగము పోయినదనుకొన్నను 240 మిగులును. బండి మెల్లగా నడచును, కాని నడచును.