కరివేపాకు మొక్కకు చలి దెబ్బ

కరివేపాకు మొక్కకు చలి దెబ్బ అనగా తక్కువ ఉష్ణోగ్రత వలన కరివేపాకు మొక్క ఆకులు, కొమ్మలు, వేళ్ళు దెబ్బతినడం. కరివేపాకు రూటేసీ కుటుంబానికి చెందిన ఉష్ణమండల మొక్క. నిమ్మ, బత్తాయి, మారేడు కూడా ఈ కుటుంబానికి చెందినవే. దీని శాస్త్రీయ నామం బెర్గెరా కోనిగి. చాలా గ్రంథాలలో ముర్రయా కోనిగి అనే పేరు కనిపిస్తుంది. తరంగంబాడిలో పనిచేసిన వృక్ష శాస్త్రజ్ఞుడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ (1728–1785) పేరు మీదుగా దీనికి ఈ పేరు పెట్టారు.

తెలుగు రాష్ట్రాలలోని మైదాన ప్రాంతాలలో ఇది పెరటి చెట్టు. అమెరికా, కెనడా, బ్రిటన్ వంటి చలి దేశాలలో నివసించే తెలుగువారు దీనిని కుండీలో ఇంటి మొక్కగా పెంచుతారు. అక్కడ ఈ మొక్కకు వచ్చే ప్రధాన ముప్పు చలికాలమే.

కారణాలు

ఉష్ణోగ్రత సుమారు 10 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గినప్పుడు కరివేపాకు మొక్క ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది. ఉష్ణమండల మొక్కల కణత్వచాలలోని కొవ్వు పదార్థాలు చలికి గట్టిపడతాయి. దానితో త్వచం పనితీరు చెడి, కణంలోని ద్రవాలు బయటకు కారతాయి. ఉష్ణోగ్రత 0 డిగ్రీల కంటే తగ్గితే కణజాలంలో మంచు స్ఫటికాలు ఏర్పడి కణాలు నశిస్తాయి. కుండీలోని మట్టి నేలకంటే త్వరగా చల్లబడుతుంది. అందువలన కుండీ మొక్క వేళ్ళకు ప్రమాదం ఎక్కువ.

లక్షణాలు

* ఆకులు ఒకటి రెండు రోజులలోనే వడలి, నల్లబడి లేదా గోధుమరంగుకు మారి ఎండిపోతాయి.
* లేత చిగుళ్ళు అన్నిటికంటే ముందు మాడిపోతాయి.
* కొమ్మల చివరలు ముడుతలు పడి కిందివైపుకు ఎండుతూ వస్తాయి.

చలికాలంలో వెలుతురు తగ్గినప్పుడు కరివేపాకు మొక్క ఆకులు కొన్ని వారాల పాటు క్రమంగా పసుపుబారి రాలడం వేరు. అది సుప్తావస్థ, దెబ్బ కాదు. ఈ రెండు స్థితులలోనూ ఆకులు లేనంత మాత్రాన మొక్క చనిపోయిందని నిర్ధారించరాదు.

మొక్క బ్రతికి ఉన్నదో లేదో తెలుసుకొనుట

కొమ్మ చివర బెరడును గోటితో కొద్దిగా గీరి చూడాలి. లోపలి పొర పచ్చగా, తడిగా ఉంటే ఆ భాగం సజీవంగా ఉన్నట్లు. గోధుమరంగులో పొడిగా ఉంటే ఆ భాగం చనిపోయినట్లు. చివర నుండి మొదలు వైపుకు కొంత దూరానికి ఒకసారి ఇలా పరీక్షిస్తూ రావాలి. కాండం మొత్తం ఎండిపోయినా వేళ్ళు బ్రతికి ఉంటే మొదటి నుండి పిలకలు రావచ్చు. కరివేపాకు మొక్కలను సాధారణంగా విత్తనాల నుండి గాని, పిలకల నుండి గాని పెంచుతారు. అంటుకట్టిన నిమ్మ, నారింజ మొక్కలలో మొదటి నుండి వచ్చే పిలక వేరే జాతిది కావచ్చు. అంటుకట్టని కరివేపాకులో అది అదే మొక్క, కాబట్టి దానిని పెంచుకోవచ్చు.

పునరుద్ధరణ

1. మొక్కను వెంటనే చలిలేని చోటికి మార్చాలి. హీటరుకు దగ్గరగా ఉంచరాదు. వేడి గాలి మిగిలిన తేమను కూడా హరిస్తుంది.
2. మొదటి కొన్ని రోజులు తీక్షణమైన ఎండ తగలనీయరాదు. ఆ తరువాత వెలుతురు బాగా వచ్చే కిటికీ వద్ద ఉంచాలి.
3. నీరు బాగా తగ్గించాలి. ఆకులు లేని మొక్క నీటిని చాలా తక్కువగా వాడుకుంటుంది. మట్టి చల్లగా, తడిగా ఉండిపోతే వేళ్ళు కుళ్ళిపోతాయి. చలికి తట్టుకుని నిలిచిన మొక్కలు కూడా ఈ కారణంగా చనిపోవచ్చు. వేలు రెండు కణుపుల లోతు వరకు గుచ్చి, మట్టి పొడిగా ఉంటేనే నీరు పోయాలి.
4. ఎరువు వేయరాదు. దెబ్బతిన్న వేళ్ళు దానిని గ్రహించలేవు, పైగా లవణాలు వేళ్ళకు హాని చేస్తాయి.
5. కొమ్మలను వెంటనే కత్తిరించరాదు. ఎంతవరకు ఎండిందో తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. వసంతంలో కొత్త చిగురు వచ్చిన తరువాత, శుభ్రం చేసిన కత్తెరతో సజీవ భాగానికి కొద్దిగా పైన కత్తిరించాలి.
6. చిగుళ్ళు ఆకులుగా విచ్చుకున్న తరువాతే నీరు పెంచి, తక్కువ మోతాదులో ఎరువు మొదలుపెట్టాలి. మొక్క కోలుకునే వరకు ఆకు కోయరాదు.

నివారణ

రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు చేరకముందే మొక్కను ఇంటిలోనికి తీసుకురావాలి. ఆకులు చల్లని కిటికీ అద్దానికి తగలకుండా చూడాలి. వసంతంలో మరల బయట పెట్టేటప్పుడు మొదట నీడలో, రోజుకు కొన్ని గంటలు మాత్రమే ఉంచి క్రమంగా ఎండకు అలవాటు చేయాలి.

ప్రాముఖ్యత

అమెరికాలో చనిపోయిన మొక్క స్థానంలో మరొకటి తెచ్చుకోవడం అన్నిచోట్లా సులభం కాదు. సిట్రస్ గ్రీనింగ్ తెగులును వ్యాప్తి చేసే ఆసియా సిట్రస్ సిల్లిడ్ అనే పురుగు కరివేపాకుపై కూడా బ్రతుకుతుంది. ఈ పురుగును ఫ్లోరిడాలో 1998లోను, తెగులును 2005లోను గుర్తించారు. అందువలన ఈ పురుగు ఉన్న ప్రాంతాల నుండి కరివేపాకు మొక్కల తరలింపుపై ఆంక్షలు ఉన్నాయి. విత్తనాలు కూడా ఎండిన కొద్దీ మొలకెత్తే శక్తిని త్వరగా కోల్పోతాయి. ఈ కారణాల వలన, ఎండినట్లు కనిపించే మొక్కను పారవేయక వేసవి వరకు వేచి చూడడం మంచిది.